మానసిక వైద్యులకు చిట్కాలు వద్దు, మాట్లాడుకునే చోటు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. జూలై 1న డాక్టర్స్ డే సందర్భంగా వైద్యులు ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ప్రాణాయామం, ఎనిమిది గంటల నిద్ర, ఆకుకూరలు, పిల్లలతో విహారయాత్ర. ఎవరికి చెప్పినా చెల్లే మాటలు కనుక వాటితో నాకు పేచీ లేదు. చివరి పేరానే మింగుడు పడలేదు. మనసును అదుపులో పెట్టుకునే విద్య చేతిలోనే ఉంది కాబట్టి మానసిక వైద్యులకు ఈ బెడద తక్కువని రాశారు. కంటి డాక్టరుకు చత్వారం రాదా? పంటి డాక్టరు పళ్లు ఊడవా?

నేను డాక్టరును కాను. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా వారు సైకియాట్రిస్టు, గుంటూరు కొత్తపేటలో చిన్న క్లినిక్. రిటైరైన దగ్గర్నుంచి ఆ క్లినిక్ ముందు గదిలో బల్ల నాది. టోకెన్లు ఇవ్వడం, పాత ఫైళ్లు వెతికి తీయడం, ఫోన్లు ఎత్తడం, కోపంగా వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వడం నా పనులు. లోపలి గదిలో ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. బయట జరిగేది మాత్రం మా వారికంటే నాకే ఎక్కువ తెలుసు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

బంధువులు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "రోజంతా ఏడుపులు వింటారు కదా, ఆయన తల బరువెక్కిపోదా?" అని. నేను చూసినంతలో వినడం ఆయనకు బరువు కాదు. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. ఏడాదిపాటు గది తలుపు తీయని కుర్రవాడు ఒకరోజు షాపు పెట్టుకున్నానని స్వీట్ల డబ్బా పట్టుకుని వస్తే, ఆ రోజు ఆయన భోజనం దగ్గర రెండోసారి కూర వడ్డించుకుంటారు. మనిషిని అరగదీసేవి వేరే ఉన్నాయి.

మొదటిది తీరిక లేకపోవడం. సోమవారాలు మా క్లినిక్ చూడాలి. మాచర్ల నుంచి పొద్దున్నే రైలెక్కిన వాళ్లు, వినుకొండ, పిడుగురాళ్ల బస్సులు దిగిన వాళ్లు, అందరికీ మధ్యాహ్నం బండి అందుకోవాలనే ఆత్రమే. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల వేరే జిల్లాలయ్యాయి. మ్యాపు మారింది కానీ ఆ బస్సులు మారలేదు. కొత్త పేషెంటు కథ పూర్తిగా వినాలంటే ముప్పావు గంటైనా కావాలి. దొరికేది పావుగంట. దేశం మొత్తం మీద సుమారు 9 వేల మంది సైకియాట్రిస్టులున్నారని, లక్ష జనాభాకు 0.75 మంది పడుతున్నారని 2019లో లెక్కగట్టారు. లక్షకు ముగ్గురైనా ఉండాలంటారు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉంది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేదు. లేకపోతేనేం, మా బెంచీలు చూస్తే తెలుస్తుంది.

పని ఎక్కువైతే అలసట వస్తుంది, నిద్రపోతే పోతుంది. మా వారికి నిద్ర పట్టనివ్వనిది రెండోది. అది నిర్ణయం.

ఒక రైతు పురుగుమందు తాగాడనుకోండి. పెద్దాసుపత్రిలో ప్రాణం దక్కింది, డిశ్చార్జి చేస్తూ మానసిక వైద్యుడికి చూపించమని చీటీ రాశారు. తమ్ముడు, భార్య తీసుకొస్తారు. మిర్చి కోతలు నడుస్తుంటాయి, కూలీలకు అడ్వాన్సు ఇచ్చి ఉంటారు. "ఇంకెప్పుడూ అలా చేయనంటున్నాడు, ఇంటికి పంపించండి" అని అడుగుతారు. గుండె డాక్టరుకు ఈసీజీ ఉంది, ఎముకల డాక్టరుకు ఎక్స్‌రే ఉంది. ఈయన ముందున్నది ఒక మనిషి ముఖం, అతను చెప్పిన మాట, చెప్పకుండా ఆపుకున్న మాట. ఇంటికి పంపాలా, ఆసుపత్రిలో చేర్చాలా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే 89వ సెక్షన్ పాటించాలి. అతను నామినేట్ చేసుకున్న ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అప్పటికీ మొదటి విడత 30 రోజులకు మించకూడదు, ఇలాంటి చేరికలను పరిశీలించే రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. చట్టం మంచిదే. గొలుసులు వేసి కట్టేసిన రోజులు చూసిన దేశానికి ఇలాంటి చట్టం కావలసిందేనని పౌరశాస్త్రం పంతులమ్మగా ఒప్పుకుంటాను. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాకుండా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని 115వ సెక్షన్ చెప్పింది కూడా ఆ చట్టంలోనే. అయితే ఇన్ని సెక్షన్ల తర్వాత కూడా ఆ మధ్యాహ్నం, ఆ పావుగంటలో, ఏదో ఒకటి తేల్చి కాగితం మీద రాయవలసింది ఒక్క మనిషి.

అలాంటి పేషెంటును ఇంటికి పంపిన రోజు రాత్రి తొమ్మిదింటికి నంబరు కలిపి ఇవ్వమంటారు. ఆ ఫోనులో ఆయన వైపు మాటలు నాకు బట్టీ వచ్చేశాయి. "భోజనం చేశాడా? మాత్రలు ఎవరి దగ్గర పెట్టారు? పురుగుమందు డబ్బా ఇంట్లో ఉందా, పొలంలో ఉందా? గడ్డి మందు కూడా ఉందా? రేపు పొద్దున్నే రెండూ ఊరి షాపులో వాపసు ఇచ్చేయండి, కుదరకపోతే మీ మామయ్య ఇంట్లో పెట్టి తాళం వేయించండి." మందు చేతికి అందకుండా చేస్తే, చావాలన్న ఆ ఘడియ దాటిపోయి బతికేవాళ్లు చాలామందేనట. అవతలి మనిషి సరేనన్నాక కూడా ఆయన కాసేపు ఫోను పట్టుకునే కూర్చుంటారు.

అన్ని నిర్ణయాలూ ఫలించవు. కొన్నేళ్ల కిందట ఒక పేషెంటు చనిపోయారు. వయసు, ఊరు, ఆడో మగో చెప్పను. మర్నాడు కానిస్టేబుల్ వచ్చి కేసు కాగితాల నకళ్లు కావాలన్నాడు. అసహజ మరణమైతే పోలీసులు శవపంచనామా చేయాలి, అప్పట్లో నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ) 174వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 194. అతని పని అతను చేశాడు, మర్యాదగానే మాట్లాడాడు. సాయంత్రం ఇంటివాళ్లు వచ్చారు. "మీ మందుల వల్లే ఇలా అయిందా డాక్టరు గారూ?" అని తల్లి అడిగింది. మా వారు కుర్చీ ఇవతలికి తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నారు, లోపల చాలాసేపు మాట్లాడారు. వాళ్లు వెళ్లాక బయట ఇంకా టోకెన్లు మిగిలి ఉన్నాయి. అందరినీ చూశారు. ఒక్కరినీ రేపు రమ్మనలేదు.

ఆ రాత్రి ఫైలు ఇంటికి తెచ్చుకున్నారు. భోజనాల బల్ల దగ్గర లైటు వేసుకుని మొదటి పేజీ నుంచి చదివారు. నేను మజ్జిగ గ్లాసు పెట్టడానికి వెళ్లినప్పుడల్లా ఎడమచేతి బొటనవేలు జరిపి పేజీ మీద పేరు కప్పేస్తున్నారు. ఆ పేరు నాకు తెలుసు, టోకెన్ రాసింది నేనే. అయినా కప్పేస్తున్నారు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఆయనకు అది అంతకు ముందు నుంచే అలవాటు. తప్పు ఎక్కడ జరిగింది, అసలు జరిగిందా, ఫలానా తేదీన మోతాదు పెంచి ఉంటే ఏమయ్యేది, ఇవన్నీ ఆయన మొహంలో కనిపిస్తున్నాయి. నాతో ఒక్క ముక్క అనడానికి వీల్లేదు. అడిగే హక్కు నాకూ లేదు. మీ వ్యాసంలో కుటుంబ సభ్యులతో మనసు విప్పి మాట్లాడండి అన్న చిట్కా మూడో స్థానంలో ఉంది.

ఇది మా ఇంట్లోనే జరిగిన విపరీతం కాదు. అమెరికాలో సైకియాట్రిస్టులను అడిగి 1988లో ప్రచురించిన ఒక సర్వేలో 51 శాతం మంది తమ పేషెంటు ఒకరైనా ఆత్మహత్య చేసుకున్నారని చెప్పారు. సర్జన్ల బల్ల మీద మరణం ఎలాగో ఈ వృత్తిలో ఇదీ అలాంటిదేనన్నమాట. తేడా ఏమిటంటే, పెద్ద ఆసుపత్రిలో సర్జన్లు తర్వాత అందరూ కూర్చుని మరణాల సమీక్ష చేసుకుంటారు. ఒంటరి క్లినిక్‌లో సైకియాట్రిస్టుకు ఆ సమీక్ష భోజనాల బల్ల మీద ఒక్కడే చేసుకోవాలి.

సర్టిఫికెట్ల గొడవ క్లుప్తంగా చెబుతాను, లేకపోతే మీ పేజీ చాలదు. విడాకుల కోసం భార్యకు మతి లేదని రాసివ్వమనేవారు, సెలవు కోసం తమకే లేదని రాసివ్వమనేవారు, పెళ్లి కుదిరింది కాబట్టి అబ్బాయి ఫైలు చించేయమనేవారు. ప్రభుత్వ డాక్టర్ల అవస్థ ఇంకా ఘోరం. దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి 6 వేలయింది, మంచిదే. దానికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ కావాలి. కాలో చెయ్యో అయితే కొలవవచ్చు. మనసు విషయంలో ఐడియాస్ అనే కొలమానం ఉంది కానీ, దాంట్లో ప్రశ్నలు వేసి మార్కులు వేయాల్సింది డాక్టరే. నిజంగా అర్హుడైన పేదవాడు ఎదురుగా, సిఫారసు ఫోను చెవి దగ్గర. 38 వేసినా తిట్లే, 42 వేసినా తిట్లే. ప్రభుత్వ సర్వీసులో ఉన్న మా వారి శిష్యుడొకరు, వార్డులో ఎంతమందినైనా చూస్తాను గానీ సదరం శిబిరం రోజు మాత్రం కడుపులో నొప్పి వస్తుందని నా దగ్గరే అన్నారు.

ఇక బయటి లోకం. మా వారు కొన్నాళ్లు బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగ్‌కు వెళ్లేవారు. రెండు చుట్లు తిరిగేసరికి ఎవరో ఒకరు పక్కన చేరి "మా అమ్మాయికి నిద్ర పట్టడం లేదండీ" అని మొదలుపెట్టేవారు. పెళ్లి పందిట్లో చేతులు కడుక్కునే చోట కూడా అంతే. అలా అడిగిన మనిషే మర్నాడు బజారులో ఎదురైతే చూడనట్టు వెళ్లిపోతాడు. దానికీ ఆయన నొచ్చుకోరు. క్లినిక్ బయట పేషెంటును తాను ముందుగా పలకరించకూడదని ఆయన నియమం. పక్కనున్న వియ్యంకుడు "ఈయన నీకెలా తెలుసు?" అని అడిగితే ఆ మనిషి ఏం చెప్పుకోవాలి? అందుకని బ్రాడీపేట అడ్డరోడ్లలో తల వంచుకుని నడుస్తారు. ముప్పై ఏళ్లుగా ఉన్న ఊళ్లో ఆయనకు గర్విష్ఠి అని పేరు. వాకింగ్ మేడ మీదకు మారింది.

మరి ఎలా తట్టుకుంటున్నారంటే, మా వారి చిట్కా మీ పత్రికే. ఆదివారం పదకేళి కలంతో నింపుతారు, పెన్సిలు ముట్టుకోరు. (మీ పదకేళిలో అడ్డం ఆధారాలు ఈమధ్య మరీ తేలికవుతున్నాయని ఆయన ఫిర్యాదు, అది వేరే ఉత్తరం.) అందరికీ పదకేళి చాలదు. సాయంత్రం గ్లాసు పట్టుకునే డాక్టర్లున్నారు, తమ నిద్రమాత్ర తామే రాసుకునేవారున్నారు. తమకు దిగులు జబ్బు వచ్చిందని తెలిసీ ఇంకొక సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లడానికి సిగ్గుపడేవారున్నారు. గుంటూరులో చూపించుకుంటే ఊరంతా తెలుస్తుంది, విజయవాడ వెళితే తోటి డాక్టర్లందరికీ తెలుస్తుంది. బ్రిటన్‌లో ఇలాంటి డాక్టర్ల కోసమే గుట్టుగా చికిత్స చేసే ప్రభుత్వ సేవ 2008లో లండన్‌లో మొదలైంది. మన దగ్గర అలాంటి మాట ఎత్తినవారిని నేను చూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను, అంటే పనిలో మనిషి పూర్తిగా అరిగిపోవడాన్ని, జబ్బుగా కాకుండా వృత్తికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించింది. పనిచేసే చోట దీర్ఘకాలం చక్కబడని ఒత్తిడి వల్ల వచ్చేదని నిర్వచించింది. అంటే మరమ్మతు జరగవలసింది పనిచేసే చోట. మీ వ్యాసమంతా డాక్టరు ఊపిరి ఎలా పీల్చాలన్న దాని చుట్టూ తిరిగింది. జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్సు 2024లో పీజీ వైద్యులకు వారానికి 74 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికో రోజు సెలవు ఇవ్వాలని సిఫారసు చేయాల్సి వచ్చింది. 74 గంటలు దాటని పిల్లలకు ప్రాణాయామం నేర్పితే బాగుంటుంది, ముందు ఆ 74 అమలు చేయించండి.

మా ఇంట్లో ఫలించిన మందు ఒకటే. కరోనాకు ముందు కొన్నేళ్లపాటు నెలలో రెండో ఆదివారం సాయంత్రం గుంటూరు, తెనాలి, విజయవాడల నుంచి అయిదారుగురు సైకియాట్రిస్టులు మా ఇంటికి వచ్చేవారు. హాలు తలుపు మూసుకునేవారు. నేను పులిహోర, కాఫీ గడప దగ్గర ఇచ్చేసి వచ్చేదాన్ని. పేషెంటు పేరు, ఊరు చెప్పకూడదు. ఒకరి వైద్యానికి ఇంకొకరు మార్కులు వేయకూడదు. మందుల కంపెనీ వాళ్లు రాకూడదు. ఎవరికి ఏ కేసు ముల్లులా గుచ్చుకుంటోందో వాళ్లు చెబుతారు, మిగతావాళ్లు వింటారు, అడుగుతారు. ఒక్కోసారి పకపకా నవ్వులు వినిపించేవి, ఒక్కోసారి చాలాసేపు చప్పుడే ఉండేది కాదు. నేను చెప్పిన ఆ పేషెంటు పోయిన నెలలో జరిగిన సమావేశం రాత్రి పదింటి దాకా సాగింది. ఒక పెద్దాయన, మా వారికంటే సీనియరు, వెళ్తూ చెప్పులు వేసుకుంటూ "నాకూ ముగ్గురు" అన్నారు. అంతే. ఆ రాత్రి మా వారు తెల్లవారేదాకా నిద్రపోయారు.

ఇలాంటి బృందాలను లండన్‌లో మైకేల్ బాలింట్ అనే డాక్టరు 1950లలోనే నడిపాడని, ఆయన పేరుతోనే ఇవి నేటికీ సాగుతున్నాయని, బ్రిటన్‌లో సైకియాట్రీ శిక్షణలో ఇది భాగమని తర్వాత మా వారే చెప్పారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే మా ఆదివారాలు కంప్యూటర్ తెర మీదకు మారాయి. పక్క గదిలో ఎవరు వింటున్నారో తెలియని చోట ఎవరు నోరు విప్పుతారు? రెండు మూడు నెలలకు ఆగిపోయాయి. తర్వాత ఒకరు హైదరాబాద్ వెళ్లిపోయారు, ఇద్దరు సొంత ఆసుపత్రులు కట్టి ఈఎంఐలలో పడ్డారు. ఇప్పుడు డాక్టర్లు కలుసుకునేది హోటళ్లలో జరిగే సదస్సుల్లో. కొత్త మాత్ర గురించి ఉపన్యాసం, తర్వాత విందు. అక్కడ ఎవరూ తమ కేసు చెడిపోయిందని చెప్పుకోరు.

అందుకని అడుగుతున్నాను. డాక్టర్ల సంఘమైన ఐఎంఏ శాఖలు, సైకియాట్రిస్టుల సంఘం రాష్ట్ర శాఖ కలిసి గుంటూరు, విజయవాడల్లో నెలకొక పూట ఇలాంటి సమావేశం పెట్టించాలి. మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక ఫ్లాస్కు కాఫీ చాలు. పీజీలు కూడా రావాలి, మొదటి మరణం వాళ్ల ఖాతాలో పడకముందే రావాలి. ప్రభుత్వాన్ని అడిగేది పాత పాటే. 1996 నుంచి నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్టుతో పాటు సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు కలిసి బృందంగా పనిచేయాలని రాసుకున్నారు. ఆ పోస్టులు ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ నింపండి. రాత్రి తొమ్మిదింటికి పురుగుమందు డబ్బా గురించి అడిగే ఫోను సోషల్ వర్కర్ చేయగలిగితే, డాక్టరు ఇంకో నలుగురిని చూడగలడు.

మిమ్మల్ని అడిగేది కూడా ఒకటుంది. ఆత్మహత్య వార్తల్లో "మృతుడు కొంతకాలంగా మానసిక వైద్యుడి వద్ద చికిత్స పొందుతున్నాడు" అన్న వాక్యం ఎందుకు పెడతారు? చికిత్స పొందుతున్న వారి వివరాలు వారి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని అదే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ అంటుంది. ఆత్మహత్య వార్తలను ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి మీకు తెలియనివి కావు. ఆ వాక్యం అచ్చయిన రోజు నా బల్ల మీద ఫోను ఎలా మోగుతుందో మీకు తెలియకపోవచ్చు. "ఆ మాత్రలే మా వాడికీ ఇస్తున్నారా? ఆపేయమంటారా?" అని ఒకరి తర్వాత ఒకరు. కొందరు అడగరు, ఆపేస్తారు. మనసు అదుపు తప్పకుండా ఇచ్చే లిథియం మాత్రలు వాడుతున్న మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే తరచూ జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ దారికి తేవడానికి నెలలు పడుతుంది. ఆ వాక్యం తీసేసి, ఆ చోట ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయండి. 2022 అక్టోబరు 10 నుంచి పనిచేస్తోంది, ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఈ ఉత్తరం మా వారికి చూపించాకే పంపుతున్నాను. ఫైలు సంగతి రాసిన చోట కాసేపు ఆగి, ఒక అక్షరదోషం దిద్ది ఇచ్చేశారు. సంఘాలు కదిలేలోగా మా హాలు ఖాళీగానే ఉంది. రెండో ఆదివారం సాయంత్రం అయిదింటికి రావాలనుకునే సైకియాట్రిస్టులకు మా ఇల్లు తెలుసు. మెడికల్ రెప్పులు దయచేసి రావద్దు.

ఇట్లు,
పేరు ప్రచురించవద్దని కోరుతూ,
ఒక విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు